గాలి కోసం నాలుగు బెజ్జాలు

గోదావరి జిల్లాలో యంత్రం తయారు చెయ్యడం పెద్ద కష్టం కాదు. అది తయారవుతుండగా చూడ్డానికి వచ్చినవాళ్లని సాగనంపడం కష్టం. ఈ ముక్క ఏ సిలబస్‌లోనూ ఉండదు కాబట్టి, ఇంజనీరింగ్ చదువుతున్న మీబోటి పిల్లల కోసం ఓపిగ్గా రాస్తున్నాను.

తాడేపల్లిగూడెం పరిసరాల్లో, వరిచేల మధ్య వెలిసిన ఒక ప్రైవేటు కాలేజీలో నేను వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టరుగా పనిచేశాను. ఫిట్టింగు, వెల్డింగు, లేతు నా సామ్రాజ్యం. తర్వాత్తర్వాత ఆ సామ్రాజ్యంలో సగం కంప్యూటర్లు ఆక్రమించాయి. మిగతా సగానికి రాజు అక్కర్లేదని తేల్చి, జుట్టు పూర్తిగా నెరవకముందే నన్ను ఇంటికి పంపించారు. దాని సంగతి చివర్లో వస్తుంది.

నాకు కాలేజీలో కోతలరాయుడినని పేరుండేది. ఆకివీడు రోడ్డు మీద చేపల లారీ ఆగకుండా పరిగెడుతుంటే కింద వేలాడుతూ వెల్డింగు చేశానని చెప్పేవాణ్ణి. కొల్లేటి గట్టున చెరువులకి గాలి కొట్టే ఏరేటరు బాగుచేస్తుంటే గూడబాతు ఒకటి నా స్పానరు నోట కరుచుకుని, ముక్కు కింది సంచిలో వేసుకుని చలిదేశానికి ఎగిరిపోయిందనీ, మరుసటి ఏడు వలస వచ్చినప్పుడు పద్ధతిగా తెచ్చి ఇచ్చిందనీ చెప్పేవాణ్ణి. పిల్లలు పొట్టలు పట్టుకునేవారు. ఒక్క అమ్మాయి మాత్రం నవ్వకుండా అడిగింది.

“ఏ సైజు స్పానరు సార్?”

“పది” అన్నాను.

“అయితే పట్టుద్ది లెండి” అంది.

ఈ కథ ఆ అమ్మాయిది. ఇందులో నేను కలిపిందేమీ లేదు. కలిపి ఉంటే ముగింపు ఇంకాస్త బాగుండేది.

అప్పటికి కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసిన గొడవ కొంచెం సద్దుమణిగింది. సాఫ్ట్‌వేర్ కంపెనీలు కాలేజీకి వచ్చి బస్సు నిండా పిల్లల్ని ఏరుకుపోతున్న రోజులు. ఆ అమ్మాయిది ఏలూరు. తండ్రి పవర్‌పేటలో కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. మెకానికల్ బ్రాంచిలో ఆడపిల్లలు ఒకరో ఇద్దరో ఉండేవారు, వాళ్లలో ఈమె ఒకతె. యంత్రాల కంపెనీలు మా ఊరికి వచ్చేవే అరుదు. వచ్చినా ఆడపిల్లల్ని రాతపరీక్ష దాకా రానిచ్చేవి కావు. షాపులో గ్రీజుంటుంది, షిఫ్టులుంటాయి, మీకెందుకమ్మా ఇదంతా, హాయిగా సాఫ్ట్‌వేర్ చూసుకోండని ఎంతో ప్రేమగా చెప్పి పంపేవారు. కంప్యూటర్ అంటే చిరాకా అని నేను అడిగితే, “చిరాకేం లేదు సార్. దాన్ని ఎంత కొట్టినా ఏదీ కదలదు. అంతే” అంది.

ఆ సంవత్సరం ఏలూరులో విద్యార్థులకు రోబో పోటీ పెట్టారు. కార్పెట్ మీద టెన్నిసు బంతులు పడేస్తారు. రోబో వాటిని ఎత్తి తన బుట్టలో వేసుకోవాలి. బరువు అయిదు కిలోలు మించకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, జడ్జిగా హైదరాబాదు నుంచి ఒక యంత్రాల కంపెనీ ఇంజనీరు వస్తున్నాడు. అంతకు ముందు ఇంకో ఊళ్లో గెలిచినవాళ్లని పక్కనపెట్టి, తనకు నచ్చిన యంత్రం చేసిన కుర్రాణ్ణి ట్రైనింగుకు పట్టుకుపోయాడని చెప్పుకున్నారు. ఆడా మగా చూడడట, పని చూస్తాడట. మా అమ్మాయికి అంతకన్నా ఏం కావాలి?

“గెలవకపోయినా పర్లేదు సార్. ఆయన దీన్ని ఒక్కసారి చూస్తే చాలు” అంది.

‘దీన్ని’ అంటే రోబోని కాదు, రోబో ముందు తను కట్టిన చేతిని. కుట్టుమిషన్లో దారాన్ని పైకి లాగి వదిలే లివరు ఒకటుంటుంది, మీ ఇంట్లో మిషనుంటే తిప్పి చూడండి. చక్రం ఒకే తీరున తిరుగుతుంది గాని ఆ లివరు ఒకసారి నింపాదిగా కదులుతుంది, ఒకసారి విసురుగా లేస్తుంది. చిన్నప్పట్నుంచీ తండ్రి కొట్లో కూర్చుని చూసిన ఆ కదలికనే ఈ అమ్మాయి చేతికి పెట్టింది. మోటారు సగం తిరిగితే రెండు వేళ్లు బంతిని పట్టుకుంటాయి. మిగతా సగం తిరిగితే ఎత్తి వెనక బుట్టలోకి విసురుతాయి. మోటారు ఒక్కటే. ఇదే పనికి మిగతా కాలేజీలవాళ్లు రెండేసి, మూడేసి మోటార్లు పెట్టి సతమతమవుతున్నారు. నేను చాలా కోతలు కోశాను గాని, ఇంత చక్కటి కోత నాకెప్పుడూ తట్టలేదు.

చక్రాలు, వైర్లు చూసుకోవడానికి ఆమెతో ఇద్దరు కుర్రాళ్లుండేవారు. మొదట్లో ఆ రోబో అల్యూమినియం బద్దల మీద నాలుగు చక్రాలు, ఒక బ్యాటరీ, ఆ చెయ్యి, అంతే. చూడ్డానికి ఎండిపోయిన పీతలా ఉండేది. కాని బంతి వేస్తే గుటుక్కున ఎత్తేది. గేటు దగ్గర కూరగాయల కొట్టు కాటా మీద తూచి, ఇంకా బోలెడంత జాగా ఉంది సార్ అని సంబరంగా వచ్చి చెప్పింది. జాగా ఉందన్న మాట పైకి పొక్కకుండా ఉండాల్సింది.

ఇప్పుడు మా మర్యాద గురించి కొంచెం చెప్పాలి. మా వైపు పని జరిగేచోటికి పెద్దవాళ్లు వస్తే, మీరో సలహా చెప్పండి అనాలి. అనకపోతే పొగరు. అడిగాక ఆయన ఏదో ఒకటి చెప్పాలి, చెప్పకపోతే మనల్ని చిన్నచూపు చూసినట్టు. చెప్పాక మనం అది చేసి తీరాలి, చెయ్యకపోతే ఆయన మాటకి విలువ లేనట్టు. ఈ గొలుసులో ఎక్కడా ఎవరికీ రోబో గొడవ లేదు. ఒకరినొకరు నొప్పించకూడదన్న తాపత్రయం తప్ప.

మొదట మా హెచ్.ఓ.డి. గారు వచ్చారు. ఆయన అంత మంచివాణ్ణి నేను చూడలేదు, చీమకి కూడా ‘అండీ’ తగిలించే మనిషి. రోబో చుట్టూ తిరిగి, సలహా చెప్పమంటే చాలాసేపు ఇబ్బంది పడ్డారు. చివరికి, “అంతా బాగుందండీ, కరెంటు పోతే ఎలా?” అన్నారు. ఇది కరెంటు మీద నడవదనీ, బ్యాటరీతో నడుస్తుందనీ చెప్పాల్సినవాళ్లు ముగ్గురు పిల్లలు, నేను. నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మరుసటి వారం రోబోలో ఇంకో బ్యాటరీ చేరింది.

తర్వాత ప్రిన్సిపాల్ గారు. యంత్రానికైనా సంస్కారం ఉండాలన్నది ఆయన సిద్ధాంతం. మనిషి ఎదురుపడితే అది నమస్కారం పెట్టాలన్నారు. స్పీకరు, దానికో చిన్న బోర్డు, దాన్ని నిలబెట్టడానికో బిగింపు వచ్చాయి. ఎవరి గొంతు పెట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆయన గడ్డం నిమురుకుంటూ కిటికీలోంచి చేలవైపు చూశారు. మాకు అర్థమైంది. ఆయన గొంతే రికార్డు చేశాం.

మూడో ఆయన మా టీములో ఒక కుర్రాడి తండ్రి, ఆకివీడులో చెరువులున్న రైతు. వచ్చేటప్పుడు బతికున్న కొర్రమీను తెచ్చారు. వర్క్‌షాప్ బకెట్లో నీళ్లు పోసి దాన్ని ఉంచాం, అదీ మాతోపాటు రోబోని చూసింది. ఆ చేప ఒక్కటే సలహా చెప్పలేదు. ఆయన మాత్రం రోబో మీద వేలు పెట్టి రుద్ది, “ఉప్పుగాలికి ఇది ఆగదండీ మేష్టారూ. స్టీలు వెయ్యాలి. మీరు కాదనకండి, ఆ రేకు సంగతి నాకొదిలెయ్యండి” అన్నారు. పోటీ కార్పెట్ మీద, నాలుగ్గోడల మధ్య. కాని రేకు వచ్చింది. పెళ్లి వంటపాత్రలా తళతళలాడే స్టీలు తొడుగు చేసి, లోపలి బ్యాటరీలనీ స్పీకరునీ కప్పి, చుట్టూ రివెట్లు కొట్టాం.

బరువు పెరిగిన ప్రతిసారీ ఆ అమ్మాయి కూరగాయల కాటా దగ్గరికి వెళ్లి వచ్చేది. డ్రిల్లింగ్ మిషను దగ్గర నిలబడి తన చేతికి ఇంకొన్ని చిల్లులు వేసేది. బ్యాటరీ వచ్చినప్పుడు కొన్ని, స్పీకరుకి కొన్ని, స్టీలుకి బోలెడన్ని. చివరికి ఆ చెయ్యి జంతికల గొట్టంలో వేసే బిళ్లలా తయారైంది. విరిగిపోతుందేమోనని నేను భయపడితే, “విరగదు సార్. ఇంక తియ్యడానికి మాత్రం ఏం లేదు” అంది. ఆ స్థితిలోనూ అది బంతిని ఎత్తింది. తూకం సరిగ్గా గీత మీద నిలబడింది. ఒక నిమ్మకాయ పెట్టినా మొగ్గేది.

పోటీ రోజు పొద్దున్న ఏలూరు చేరేసరికి మావాళ్లంతా మాకన్నా ముందే వచ్చి ఉన్నారు. ఆకివీడు ఆయన కుటుంబంతో సహా కారులో వచ్చి, మొదటి వరసలో కూర్చున్నారు. అదే వరసలో మధ్య కుర్చీ మా కరస్పాండెంటు గారిది. రైసుమిల్లులున్న మనిషి, మితభాషి, కాలేజీ ఆయనదే. అలాంటి చోట్లకి ఎప్పుడూ రానివారు ఆరోజు వచ్చారు. ప్రిన్సిపాల్ గారు నన్ను పక్కకి పిలిచి చేతిసంచి తెరిచారు. లోపల, పేపర్లో చుట్టి, ఇత్తడి ఫలకం. గుళ్లో గంట ఇచ్చినవాళ్ల పేర్లు చెక్కేవాడి చేత చెక్కించారట. కాలేజీ పేరు, కింద కరస్పాండెంటు గారి పేరు. మందం కూడా గుడికి తగ్గట్టే ఉంది.

“ఆయన స్వయంగా వచ్చారండీ. ఆయన పేరు లేకుండా బండి లోపలికి వెళ్తే ఏం బాగుంటుంది?” అన్నారు.

నేను అమ్మాయి వంక చూశాను. ఆమె ఫలకాన్ని అరచేతిలో ఒకసారి ఎగరేసి పట్టుకుని బరువు చూసింది. కరస్పాండెంటు గారు నాలుగడుగుల దూరంలో నిలబడి చూస్తున్నారు. స్టీలు తొడుగు నడుమ ఆ ఇత్తడిని రివెట్లు కొట్టి బిగించాను. ఆయన చిన్నగా నవ్వి తల ఆడించారు.

తూకం దగ్గర ఏమైందో ఊహించే ఉంటారు. హాలు మూలనున్న ఎలక్ట్రానిక్ కాటా మీదికి రోబో ఎక్కింది. తూకం చూసే కుర్రాడు అంకె చూసి, బరువెక్కువండీ, బరిలోకి పిలిచేలోగా తగ్గించుకురండి, లేకపోతే వెనక్కి పంపెయ్యాలి అన్నాడు. ఆ మాట కూడా ఎంతో మర్యాదగానే అన్నాడు.

గోడ పక్కకి తెచ్చుకున్నాం. ఏం తియ్యాలి? బ్యాటరీ తీద్దామంటే పైన స్టీలు తొడుగు విప్పాలి, ఆ స్టీలు ఇచ్చినాయన భార్యకి దాన్ని వేలు పెట్టి చూపిస్తున్నారు. స్పీకరూ దాని కిందే ఉంది, పైగా అందులో ప్రిన్సిపాల్ గారి గొంతుంది. ఫలకం ఒక్కటి తీస్తే లెక్క సరిపోతుంది. నాలుగు రివెట్లు, ఎంతసేపు? నేను హ్యాక్‌సా రంపం తీశాను.

హెచ్.ఓ.డి. గారు నా మణికట్టు రెండు చేతులతో పట్టుకున్నారు. గట్టిగా కాదు, పెళ్లిలో వియ్యంకుడి చెయ్యి పట్టుకున్నట్టు.

“వద్దండీ. ఆయన ఇటే చూస్తున్నారు.”

“చూస్తే చూస్తారండీ. ఇది తియ్యకపోతే ఇక మిగిలింది ముందున్న చెయ్యే. చెయ్యి లేకుండా బంతులెలా ఎత్తుద్ది?”

“ఎత్తకపోతే ఏం, తోసుకుంటూ వెళ్తుంది కదండీ. ముందు బరిలోకి అడుగుపెట్టాలా వద్దా? ఇంతమంది పనులు మానుకుని వచ్చారు.” ఆ తర్వాత అమ్మాయి వైపు తిరిగి, గొంతు ఇంకా తగ్గించి అన్నారు. “నీదైతే ఎవరూ ఏమీ అనుకోరమ్మా. నీదంటే మనింట్లోదేగా.”

ఆయన కళ్లలో నిజంగానే నీళ్లున్నాయి. దుర్మార్గుడై ఉంటే నాకు తిట్టుకోవడానికైనా వీలుండేది.

ఆ అమ్మాయి మొదటి వరసని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది. స్టీలు, ఇత్తడి, గొంతు, అందరూ తనకేసి చూసి ప్రోత్సాహంగా చేతులూపారు. ఆమె మోకాళ్ల మీద కూర్చుంది.

“గూడబాతు తెచ్చిచ్చిన స్పానరు ఇలా ఇవ్వండి సార్” అంది.

పది సైజే. ఇచ్చాను. నాలుగు బోల్టులు విప్పి, చెయ్యి ఊడదీసి, చున్నీతో తుడిచి, పుస్తకాల సంచిలో పెట్టుకుంది. రోబో మళ్లీ కాటా ఎక్కింది. ఈసారి సరిపోయింది.

బరిలో మా రోబో వెలిగిపోయింది. నమస్కారమండీ అంటూ రంగంలోకి దిగగానే హాలంతా చప్పట్లు. కార్పెట్ మీద హుందాగా తిరిగింది. బంతులు ఎదురొస్తే వాటికీ నమస్కారమండీ అంది. ముక్కుతో పొడిస్తే అవి దొర్లి పక్కకి తప్పుకున్నాయి. బుట్టలో ఒక్కటీ పడలేదు. మాకు ముందు వచ్చినవాళ్ల రోబో వెదురుతట్టకి చక్రాలు కట్టినట్టుంది, మూడు మోటార్లు పెట్టినా రొప్పుతూ పనిచేసింది, కాని బంతులు ఎత్తింది.

అయ్యాక జడ్జిగారు ఒక్కొక్క యంత్రం దగ్గరికీ వచ్చారు. ఆమె ఎదురుచూసిన మనిషి. పొట్టిగా, కళ్లజోడు పైకెత్తి పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా యంత్రాల్నే చూస్తున్నారు. మా స్టీలునీ ఇత్తడినీ ఆయన కళ్లు దాటేశాయి. వంగి, ముందు భాగంలో ఖాళీగా ఉన్న నాలుగు బెజ్జాల్లో ఒకదానిలో వేలు పెట్టారు. అంచు తడిమారు. లోపల ఒంటరిగా ఉన్న మోటారు ఇరుసుని చూశారు. ఆ చూపు నేను ఎరుగుదును, దొంగ దొరికినప్పుడు పోలీసుకీ, లోపం దొరికినప్పుడు మెకానిక్కుకీ వచ్చే చూపు అది.

“ఇక్కడేదో ఉండాలే. ఈ బెజ్జాలు ఎందుకు?” అన్నారు.

ప్రిన్సిపాల్ గారు ఒక అడుగు ముందుకేశారు. “గాలి కోసమండీ.”

జడ్జిగారు ఆయన్ని చూడలేదు. వెనక నిలబడ్డ అమ్మాయిని చూశారు. ఆమె చేతివేళ్లకున్న గ్రీజు మరకని చూశారనుకుంటాను.

“అవునా అమ్మా?”

సంచి ఆమె భుజానికే ఉంది. జిప్పు తీస్తే చాలు. ప్రిన్సిపాల్ గారు చిరునవ్వుతో ఆమె వైపు తిరిగారు. వెనక మొదటి వరస మొత్తం కుర్చీల్లోంచి ముందుకు వంగింది. నేను గొంతు సవరించుకున్నాను. ఆ అమ్మాయి నావైపు చూసి తల అడ్డంగా ఊపింది.

“అవునండీ. గాలికే” అంది.

ఆయన వేలు బెజ్జంలోంచి తీసి, రుమాలుతో తుడుచుకుని, పక్క యంత్రం దగ్గరికి వెళ్లిపోయారు. సాయంత్రం వెదురుతట్ట టీములోంచి ఇద్దరి పేర్లు రాసుకుని హైదరాబాదు వెళ్లారు. మాకు చూడముచ్చటైన రోబో అని ఒక షీల్డు ఇచ్చారు. దాన్ని అందుకోవడానికి పైకి ఎవరు వెళ్లాలన్నదాని మీద, మీరు వెళ్లండంటే మీరు వెళ్లండని పెద్దవాళ్లు చాలాసేపు ఒకరినొకరు ముందుకి నెట్టుకున్నారు.

ఆ అమ్మాయి ఇల్లు ఏలూరులోనే కాబట్టి మాతో బస్సెక్కలేదు. గేటు దగ్గర సంచిలోంచి ఆ చెయ్యి తీసి నాకిచ్చింది.

“ఆ పక్షి మళ్లీ వస్తే దీన్ని కూడా పట్టుకెళ్లమనండి సార్. తిరిగి తేవక్కర్లేదని చెప్పండి” అని, ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

తర్వాత ఆమె బస్సు నిండా ఏరుకుపోయే కంపెనీల్లో ఒకదాని బస్సే ఎక్కింది. వేరేవాళ్లు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం. ఒకసారి ఫోన్లో ఎలా ఉందమ్మా అని అడిగాను. బాగుంది సార్, ఇక్కడ ఎవరికీ మొహమాటపడకుండా తప్పుని తప్పని చెబితే జీతమిస్తారు అంది. నవ్వుతుందేమో అని కాసేపు ఆగాను. నవ్వలేదు.

ఇక నా సాగనంపు సంగతి. వర్క్‌షాప్ ఎత్తేస్తున్నారని తెలిశాక నాకో సభ పెట్టారు. అందులో ఆ రోబోని రప్పించారు. దుమ్ము తుడిచి, కొత్త బ్యాటరీ వేసి, నాకు దండ వెయ్యడానికి పంపారు. దానికి చెయ్యి లేదు కదా, దండ దాని నెత్తినే వేసి వదిలారు. అది తిన్నగా వచ్చి నా కాళ్ల ముందు ఆగి, నమస్కారమండీ అంది. ఆ ప్రిన్సిపాల్ గారు ఎప్పుడో వేరే కాలేజీకి మారిపోయారు. గొంతు మాత్రం మా దగ్గర ఉండిపోయింది. దాని నెత్తి మీది దండ నేనే తీసి నేనే వేసుకున్నాను.

భోజనాల దగ్గర కరస్పాండెంటు గారు నా పక్కన కూర్చున్నారు. పెద్దవారైపోయారు. ఉదయం నుంచీ ఏదో చెప్పాలని చూస్తున్నారని నాకు అనిపిస్తూనే ఉంది. పెరుగు దాకా వచ్చాక నోరు విప్పారు.

“మేష్టారూ, మీరేమీ అనుకోనంటే ఒక మాట. దాని మీద నా పేరెందుకు కొట్టారో నాకు ఆరోజే అర్థం కాలేదండీ. పిల్లలాడుకునే బండికి ఆ ఇత్తడి బిళ్ల ఎబ్బెట్టుగా లేదూ? తీసెయ్యమందామని నోటిదాకా వచ్చింది. మీరంతా అంత ముచ్చటపడి బిగించారు కదా, చిన్నబుచ్చుకుంటారేమోనని ఊరుకున్నాను.”

ముద్ద విస్తట్లో పెట్టి తలెత్తాను. హాలు చివర, కుర్చీల మధ్య ఎవరో ఆపడం మరిచిపోయిన రోబో, దారిన పోయేవాళ్లందరికీ నమస్కారాలు పెడుతోంది. ముందు భాగంలో ఆ నాలుగు బెజ్జాలు నాకు స్పష్టంగా కనిపిస్తున్నాయి. చెప్పాలంటే అదే సమయం. ఆ అమ్మాయి సంగతి, సంచి సంగతి, జడ్జిగారి వేలు సంగతి. ఆయన నా మొహంలోకి చూస్తూ, నన్నేమైనా నొప్పించారేమోనని కంగారుపడుతున్నారు.

“అబ్బే, ఎంత మాటండీ” అన్నాను. “దానికి అందం వచ్చిందే ఆ ఫలకం వల్ల.”

ఆయన తేలికపడి, నా విస్తట్లో ఇంకాస్త పెరుగు వెయ్యమని చెప్పారు. వద్దనలేకపోయాను.